పనస చెక్క ముక్కలతో అర్ధ జీవిత కాలం: ఇంటర్ పిల్లలకి చేసి చూపించే పద్ధతి

కేంద్రకాల పాఠం పూర్తయ్యాక ఇంటర్ సెకండియర్ పిల్లల్ని ఒక ప్రశ్న అడిగి చూడండి. "ఒకే ఒక్క రేడాన్ కేంద్రకం ఉంది. దాని అర్ధ జీవిత కాలం 3.8 రోజులు. 3.8 రోజుల తర్వాత అది ఏమవుతుంది?" (రేడాన్ ఒక రేడియోధార్మిక వాయువు. అర్ధ జీవిత కాలం అంటే ఉన్న కేంద్రకాల్లో సగం విఘటనం చెందడానికి, అంటే కణాల్ని వదిలి వేరే కేంద్రకాలుగా మారిపోవడానికి పట్టే సమయం.) లెక్కలు చకచకా చేసేవాళ్ళు కూడా "సగం అవుతుంది మేడమ్" అంటారు. ఇంకొందరు కాస్త ఆలోచించి "ఇంకో 3.8 రోజులకి పూర్తిగా పోతుంది" అంటారు. ఈఏపీసెట్‌లో అర్ధ జీవిత కాలం మీద బిట్ వస్తే వీళ్ళంతా సరిగ్గానే పెడతారు. సూత్రం నోటికి వచ్చు, కేంద్రకం సంగతి మాత్రం తలకెక్కలేదు.

నేను బొబ్బిలి దగ్గర ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మాది పెద్ద ల్యాబ్ కాదు. రేడియోధార్మిక సోర్సు పెట్టుకునే లైసెన్సు గానీ, పెట్టుకోవాలన్న కోరిక గానీ మాకు లేవు. అయినా కేంద్రకానికి వయసు ఉండదన్న ఒక్క సంగతి పిల్లల చేతులకి తెలిసేలా చెప్పొచ్చు. నిన్న పుట్టిన రేడాన్ కేంద్రకానికీ, నెల రోజులుగా మిగిలి ఉన్న రేడాన్ కేంద్రకానికీ రేపు విఘటనం చెందే అవకాశం ఒకటే. ఇది గనక పట్టుబడితే మిగతా పాఠమంతా దాని వెంటే వస్తుంది. నేను చేసే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. రెండు పీరియడ్లు పడుతుంది, మూడున్నా ఎక్కువేం కాదు.

కావలసినవి

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేస్తారు. పనస దుంగని తొలిచి చేసే పని కాబట్టి చెక్క ముక్కలు బాగా మిగులుతాయి. అలాంటి ముక్కల్ని వడ్రంగి చేత అర అంగుళం ఘనాలుగా కోయించాను. పనస చెక్క గట్టిది, తొందరగా పురుగు పట్టదు, గరుకు కాగితం పట్టిస్తే నునుపు తేలుతుంది. మీ ఊళ్ళో ఏ చెక్క దొరికితే అదే కోయించండి. చెక్క పని కుదరకపోతే ఫ్యాన్సీ షాపులో దొరికే లూడో పాచికలు కొనండి. ఒక్కో గుంపుకి 120 కావాలి. నలభై మంది తరగతి అయితే నాలుగు గుంపులు, మొత్తం 480.

ప్రతి ఘనానికి ఒక్క ముఖం మీద పల్చగా ఎర్ర రంగు వేయించండి. గరుకు కాగితం పట్టించేటప్పుడు అంచులు మరీ గుండ్రంగా అరగకుండా చూసుకోవాలి. అంచు ఒక పక్క ఎక్కువ అరిగితే ఘనం ఆ పక్కకే దొర్లుతుంది, లెక్క తప్పుతుంది. వాడే ముందు ఒక పరీక్ష పెట్టండి. 120 ఘనాల్నీ పదిసార్లు వేసి, ఏమీ తీసేయకుండా, ప్రతిసారీ ఎన్ని ఎరుపు పైకి పడ్డాయో రాసి కూడండి. మొత్తం 200కి దగ్గరగా రావాలి. 175కీ 225కీ మధ్య వస్తే నిశ్చింతగా వాడొచ్చు. పదే పదే ఆ హద్దు దాటితే కోత సరిగ్గా లేదని అర్థం.

వీటితోపాటు గుంపుకో అట్టపెట్టె మూత, గ్రాఫ్ కాగితాలు, లాగ్ టేబుల్, రెండు గుప్పిళ్ళ చింతపిక్కలు. పిక్కల్ని అష్టాచెమ్మా ఆటకి అరగదీసినట్టు నిలువుగా రెండు బద్దలు చేయించి తెప్పించండి. ఈ పని పిల్లలకి చెబితే మర్నాటికి సంచెడు తెస్తారు.

ముందు పిక్కలు

పిక్కలతో మొదలుపెట్టడం చేతులు తిరగడానికే. వంద బద్దలు వేయండి, తెల్లపక్క పైకి పడ్డవి తీసేయండి, మిగిలినవి లెక్కపెట్టండి, మళ్ళీ వేయండి. సుమారుగా సగం, అందులో సగం, మళ్ళీ సగం అవుతూ ఏడెనిమిది వేతల్లో (ఒకసారి వేయడం ఒక వేత) మూత ఖాళీ అవుతుంది. పిక్క బద్ద ఒకపక్క ఉబ్బుగా, ఇంకోపక్క చదునుగా ఉంటుంది కాబట్టి ఖచ్చితంగా సగం రాదు. ఎంత వస్తోందో పిల్లల చేతే కనుక్కోనివ్వండి. ఈ ఆటకి పది నిమిషాలు చాలు.

ఘనాల ఆట

అసలు పని ఇక్కడుంది, దీనికి తొందరపడొద్దు.

120 ఘనాలు మూతలో పోసి, కుదిపి, బల్ల మీద బోర్లించాలి. ఎర్ర ముఖం పైకి పడ్డ ప్రతి ఘనం "విఘటనం చెందిన కేంద్రకం". దాన్ని తీసి పక్కన పెట్టాలి. మిగిలినవి లెక్కపెట్టి నోటుబుక్కులో రాయాలి. మళ్ళీ వేయాలి. ఇలా పది వేతలు. ప్రతి వేతలోనూ ఒక్కో ఘనం పోవడానికి అవకాశం ఆరో వంతు. లెక్క ప్రకారం మిగలవలసినవి వరసగా ఇవీ: 120, 100, 83, 69, 58, 48, 40, 33, 28, 23, 19. ఈ వరస మాత్రం పిల్లలకి ముందే చూపించకండి. చూపిస్తే ఒకటో రెండో ఘనాలు వేలితో తిప్పి సరిచేసేస్తారు.

మొదటి వేతకే నాలుగు గుంపులూ నాలుగు రకాల అంకెలు చెబుతాయి. ఒకరికి 17 పోయాయి, ఒకరికి 24 పోయాయి. "ఎవరిది కరెక్టు మేడమ్?" అని అడుగుతారు. అందరిదీ కరెక్టే. 20 పోవాలన్నది సగటు మాత్రమే. 120 ఘనాలకి ఆ సగటు చుట్టూ నాలుగు అటూ ఇటూ తేడా మామూలు, మూడింట రెండుసార్లు 16కీ 24కీ మధ్యే వస్తుంది. ఇప్పుడు నాలుగు గుంపుల అంకెలూ బోర్డు మీద కూడండి. 480 ఘనాల్లో 80 పోవాలి, తేడా ఎనిమిది అటూ ఇటూ. 20కి 4 అంటే ఐదో వంతు, 80కి 8 అంటే పదో వంతు. ఘనాలు నాలుగింతలైతే తేడా శాతం సగానికి తగ్గింది. ఒక గ్రాము పదార్థంలో 10²¹ స్థాయిలో కేంద్రకాలుంటాయి. అన్ని ఉన్నప్పుడు ఆ తేడా ఏ పరికరానికీ అందనంత చిన్నదైపోతుంది. పాఠ్యపుస్తకంలో వక్రరేఖ అంత నున్నగా ఎందుకుంటుందో, ఏ ఒక్క కేంద్రకం సంగతీ చెప్పలేని ప్రకృతి కోట్ల కేంద్రకాల సంగతి అంత ఖచ్చితంగా ఎలా చెబుతుందో ఈ కూడికతో తెలుస్తుంది. దీని మీద పావుగంట గడిపినా ఆ సమయం వృథా కాదు.

ఏడెనిమిది వేతలు అయ్యేసరికి తరగతిలో తప్పకుండా ఒక గొంతు లేస్తుంది. మా దగ్గర అది ఇలా ఉంటుంది: "ఇది ఎనిమిదిసార్లు తప్పించుకుంది మేడమ్, ఈసారి పోకపోతే ఏటి!" ఆ గొంతు లేచేదాకా ఆగండి. లేచాక ఆట ఆపేసి, మిగిలిన ఘనాలన్నీ నాలుగు గుంపుల నుంచి ఒకచోట చేర్చండి. సుమారు 110 ఉంటాయి. వాటి మీద రంగు లేని ముఖాన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టించండి. ఇవి పాతవి. ఇంతకు ముందే పోయిన వాటిలోంచి అన్నే ఘనాలు తెచ్చి కలపండి. ఇవి కొత్తవి. పాతవీ కొత్తవీ కలిపి ఒకేసారి వేసి, ఎరుపు పైకి పడ్డవి ఏరి, వాటిలో చుక్క ఉన్నవి ఎన్నో, లేనివి ఎన్నో లెక్కపెట్టించండి.

రెండు వైపులా 18 దరిదాపుల్లో వస్తాయి. ఒకసారి పాతవి ఎక్కువ, ఇంకోసారి కొత్తవి ఎక్కువ పడొచ్చు. అందుకే ఈ ఒక్క ప్రయోగాన్నీ ఏమీ తీసేయకుండా నాలుగైదుసార్లు చేసి కూడండి. పాతవాటికి "ఇక పోవాల్సిందే" అన్న తొందర ఎక్కడా కనబడదు. ఎనిమిదిసార్లు తప్పించుకున్న ఘనానికి ఆ సంగతి గుర్తుండదు. కేంద్రకానికీ గుర్తుండదు. మొదట అడిగిన ప్రశ్న మళ్ళీ ఇప్పుడు అడగండి. ఒక్క రేడాన్ కేంద్రకం 3.8 రోజుల తర్వాత ఉండడానికి సగం అవకాశం, పోవడానికి సగం అవకాశం. ఉంటే గనక అది సరికొత్త కేంద్రకంతో సమానం, దానికి మళ్ళీ అదే 3.8 రోజుల లెక్క మొదలు. ఈ జవాబు ఈసారి పిల్లలే చెబుతారు. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

రేడానే ఎందుకు

ఇప్పుడు గ్రాఫ్. అడ్డంగా వేతల సంఖ్య, నిలువుగా మిగిలిన ఘనాలు. చుక్కల మీదుగా స్కేలు లేకుండా చేత్తో వక్రరేఖ గీయించండి. 60 దగ్గర అడ్డగీత గీసి అది వక్రరేఖని ఎక్కడ తాకిందో చూడమనండి. 3.8 దగ్గర తాకుతుంది. 30 దగ్గర గీస్తే 7.6. ఆరు ముఖాల ఘనానికి అర్ధ జీవిత కాలం 3.80 వేతలు, రేడాన్-222కి 3.82 రోజులు. ఒక వేత అంటే ఒక రోజు అనుకుంటే పిల్లలు ఇంతసేపూ బల్ల మీద రేడాన్‌నే ఆడారన్నమాట. ఇది ఒట్టి కాకతాళీయం. కానీ టీచర్‌కి ఇంతకన్నా మంచి కాకతాళీయం దొరకదు, వాడుకోండి.

తర్వాత లాగ్ టేబుల్ తీయించండి. మిగిలిన సంఖ్యకి లాగ్ కట్టి, వేతల సంఖ్యకి ఎదురుగా పెడితే వక్రరేఖ సరళరేఖ అవుతుంది. దాని వాలుని 2.303తో గుణిస్తే 0.182 చుట్టుపక్కల వస్తుంది. అదే విఘటన స్థిరాంకం λ. 0.693ని దానితో భాగిస్తే 3.8.

చురుకైన పిల్లలు ఇక్కడ పట్టుకుంటారు: "అవకాశం ఆరో వంతు కదా, అంటే 0.167. మరి 0.182 ఎందుకు వచ్చింది?" ఈ ప్రశ్న వస్తే సంతోషించండి, రాకపోతే మీరే అడగండి. మన ఆటలో వేతకీ వేతకీ మధ్య ఏమీ జరగదు. 120 ఘనాలూ ఒకేసారి పరీక్షకి నిలబడతాయి, ఒకేసారి 20 పోతాయి. నిజం రేడాన్ రోజుకోసారి ఆగి చూసుకోదు, ప్రతి క్షణమూ కొన్ని పోతూనే ఉంటాయి. పొద్దున్న పోయినవి సాయంత్రం లెక్కలో ఉండవు కాబట్టి సాయంత్రం పోయేవి కాస్త తగ్గుతాయి. అలా తగ్గుతూ కూడా రోజు చివరికి సరిగ్గా ఆరో వంతు పోవాలంటే, పొద్దున్న మొదలైన వేగం ఆరో వంతుకన్నా కాస్త ఎక్కువ ఉండాలి. ఆ కాస్త ఎక్కువే 0.182. e⁻⁰·¹⁸² కట్టి చూస్తే 0.833, అంటే ఆరింట ఐదు. λ అంటే "కాలవ్యవధిలో పోయే భాగం" అని నోట్సులో రాసుకున్నవాళ్ళు అది అతి చిన్న వ్యవధికే సరిపోతుందన్న మాట కూడా పక్కన చేర్చుకుంటారు.

కేంద్రకం లోపల

ఆట అయ్యాక "అసలు ఎందుకు పోతుంది?" అన్న ప్రశ్న మిగులుతుంది. దీన్ని బోర్డు మీదే చెప్పాలి. కేంద్రకంలో ప్రోటాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ఆ తోపుడు దూరం వరకూ పాకుతుంది. వాటిని పట్టి ఉంచే కేంద్రక బలం చాలా గట్టిది, కానీ పక్కనున్న వాటి వరకే అందుతుంది. ప్రోటాన్లు పెరిగే కొద్దీ తోపుడు అందరి మధ్యా పెరుగుతుంది, పట్టు మాత్రం ఇరుగుపొరుగు వరకే ఉంటుంది. న్యూట్రాన్లు ఎక్కువగా చేరితే కొంతవరకూ నిలబడుతుంది. సీసం-208లో 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు. అది దాటి థోరియం, యురేనియం వరకూ వెళ్తే ఏదీ పూర్తి స్థిరం కాదు.

ఇలాంటి బరువైన కేంద్రకం చాలాసార్లు ఆల్ఫా కణాన్ని, అంటే రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్ల ముద్దని, వదులుతుంది. ఇంతకీ ఆ ఆల్ఫా కణం బయటికి రావడానికి దాని చుట్టూ ఉన్న శక్తి గోడ ఎక్కేంత శక్తి దానికి లేదు. పాత భౌతికశాస్త్రం ప్రకారం అది ఎప్పటికీ రాకూడదు. 1928లో జార్జ్ గామోవ్ ఒకవైపు, గర్నీ, కాండన్ ఇంకోవైపు, క్వాంటం సిద్ధాంతంతో దీనికి జవాబు చెప్పారు. గోడ అవతల కణం ఉండే అవకాశం సున్నా కాదు, చాలా చిన్నది. కణం ఆ గోడని సెకనుకి 10²¹ స్థాయిలో తాకుతూ ఉంటుంది, ప్రతి తాకుడుకీ బయటపడే అవకాశం అతి స్వల్పం, ప్రతిసారీ అంతే. వయసు లేకపోవడానికి కారణం ఇదే. ప్రతి తాకుడూ కొత్తగా వేసిన వేత.

ఆల్ఫా శక్తి ఎక్కువైతే అది దాటాల్సిన గోడ పల్చబడుతుంది. గోడ మందంలో తేడా ఎంత చేస్తుందో ఒకే కుటుంబంలో చూపించొచ్చు. థోరియం-232 ఆల్ఫా శక్తి 4.0 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు), అర్ధ జీవిత కాలం 1405 కోట్ల సంవత్సరాలు. అదే థోరియం వరసలో కింద వచ్చే పొలోనియం-212 ఆల్ఫా శక్తి 8.8 ఎంఈవీ, అర్ధ జీవిత కాలం 0.3 మైక్రోసెకన్లు. శక్తి రెండింతలు దాటింది, కాలం మాత్రం 10²⁴ రెట్లు తగ్గింది. రెండు అంకెలూ సెకన్లలోకి మార్చి భాగించే పని పిల్లలకి ఇవ్వండి. బోర్డు మీద ఆ ఘాతం వచ్చినప్పుడు తరగతి కాసేపు మాట్లాడదు.

అర్ధ జీవిత కాలాన్ని మొదట కొలిచింది కూడా థోరియం పుణ్యమే. 1900లో మాంట్రియల్‌లో ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్, థోరియం సమ్మేళనం నుంచి వచ్చే ఒక వాయువు చురుకుదనం సుమారు నిమిషానికోసారి సగం అవుతోందని గమనించాడు. ఆ వాయువే రేడాన్-220, ఇప్పటి కొలతలో 55.6 సెకన్లు. కేంద్రకం అనేది ఉందని ఆయనే 1911లో చెప్పడానికి పదకొండేళ్ళ ముందు మాట ఇది. కేంద్రకం ఉందో లేదో తెలియకుండానే విఘటన నియమం దొరికింది.

పొటాష్ పొట్లంతో నిజం టిక్కులు

ఆటతో ఆగిపోవచ్చు. కానీ రేడియేషన్‌ని టిక్కు టిక్కుమని లెక్కపెట్టే చిన్న గైగర్ కౌంటర్ ఒకటి ఉంటే పిల్లలకి నిజం కేంద్రకాల చప్పుడు వినిపించొచ్చు. ఆన్‌లైన్‌లో కొన్ని వేల రూపాయల్లో దొరుకుతాయి, ఇద్దరు ముగ్గురు లెక్చరర్లు కలిసి కొనుక్కుంటే భారం కాదు. బోర్డు బయటికి కనబడే కిట్ అయితే ట్యూబ్ దగ్గర దాదాపు 400 వోల్టులు ఉంటుంది, కాబట్టి పెట్టె లేకుండా పిల్లల చేతికి ఇవ్వొద్దు.

సోర్సు కోసం ఎరువుల కొట్టుకి వెళ్ళండి. చెరకుకి, కొబ్బరికి వేసే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఒక కిలో కొనండి. అది పొటాషియం క్లోరైడ్, అందులో బరువుకి సగం పొటాషియం. ప్రపంచంలో ఎక్కడి పొటాషియం తీసుకున్నా 0.0117 శాతం పొటాషియం-40 ఉంటుంది. దాని అర్ధ జీవిత కాలం సుమారు 125 కోట్ల సంవత్సరాలు. లైసెన్సు అక్కర్లేదు, భయమూ అక్కర్లేదు. నోట్లో పెట్టుకోకుండా, తర్వాత చేతులు కడుక్కుంటే చాలు.

కౌంటర్ ఆన్ చేసే ముందు బోర్డు మీద ఈ లెక్క చేయించండి. ఒక గ్రాము పొటాషియంలో పరమాణువులు 1.54 × 10²². అందులో 0.0117 శాతం, అంటే 1.8 × 10¹⁸ పొటాషియం-40. 125 కోట్ల సంవత్సరాలంటే 3.94 × 10¹⁶ సెకన్లు. 0.693ని దానితో భాగిస్తే λ 1.76 × 10⁻¹⁷. రెండూ గుణిస్తే గ్రాముకి సెకనుకి 31 దరిదాపుల్లో విఘటనాలు. అంటే 31 బెక్వెరెల్. కిలో పొట్లంలో అరకిలో పొటాషియం, కాబట్టి సెకనుకి 15 వేల పైచిలుకు. అంత పెద్ద అర్ధ జీవిత కాలం ఉన్న పదార్థం సెకనుకి ఇన్నిసార్లు ఎలా విఘటనం చెందుతుందని అడుగుతారు. అవకాశం అంత చిన్నది, కేంద్రకాలు అన్ని ఎక్కువ. λనీ, కేంద్రకాల సంఖ్య Nనీ పక్కపక్కన పెట్టి చూపించండి.

దీనికి తోడు ఇంకో లెక్క. 70 కిలోల మనిషి ఒంట్లో 140 గ్రాముల పొటాషియం ఉంటుంది, అంటే సెకనుకి 4,300 విఘటనాలు. నలుగురు పెద్దవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుంటే వాళ్ళ ఒంట్లోవన్నీ కలిపి బల్ల మీదున్న పొట్లంకన్నా ఎక్కువ. అణువు, రేడియేషన్ అనగానే టెన్షన్ పడే పిల్లలకి ఈ లెక్క చాలా మేలు చేస్తుంది.

కొలిచేటప్పుడు ముందు పొట్లాన్ని గదికి ఆ చివర పెట్టి పది నిమిషాలు లెక్కపెట్టండి. తర్వాత పొట్లాన్ని పల్చటి కవర్‌లో పరిచి ట్యూబ్‌కి ఆనించి ఇంకో పది నిమిషాలు. ఉదాహరణకి మొదటిసారి 250, రెండోసారి 330 వచ్చాయనుకోండి. తేడా 80. ఇది నిజం తేడానా, ఘనాల ఆటలోలాగ అటూ ఇటూ ఊగిన ఊపా? రెండూ కూడి వర్గమూలం తీయండి: 580కి 24. తేడా దానికి మూడింతలు దాటింది కాబట్టి నమ్మొచ్చు. రెండోసారి 270 వచ్చి ఉంటే తేడా 20, ఊపు 23, కాబట్టి ఏమీ చెప్పలేం, ఇంకా ఎక్కువసేపు కొలవాలి. ఒక్క నిమిషం కొలిచి "పెరిగింది" అని అరిచే అలవాటు ఇక్కడే మాన్పించాలి.

సమయముంటే పొటాషియం-40 దారులు రెండూ చెప్పండి. వందలో 89 బీటా కణం, అంటే ఎలక్ట్రాన్, వదిలి కాల్షియం-40 అవుతాయి, మిగతావి దాదాపు అన్నీ ఎలక్ట్రాన్‌ని లోపలికి లాక్కుని ఆర్గాన్-40 అవుతాయి. గాలిలో ఉన్న 0.93 శాతం ఆర్గాన్ దాదాపు అంతా ఇలా రాళ్ళలోని పొటాషియం నుంచి వచ్చిందే.

కొవ్వాడ ప్రశ్న వచ్చినప్పుడు

శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకి ఈ పాఠం చెబితే రణస్థలం మండలంలోని కొవ్వాడ మాట రాకుండా పోదు. అక్కడ అణు విద్యుత్ కేంద్రం పెట్టాలన్న ప్రతిపాదన వచ్చిన దగ్గర్నుంచీ ఇళ్ళల్లో రకరకాల మాటలు విని వస్తారు. మంచిదా చెడ్డదా అన్నది తరగతిలో తేల్చాల్సిన పని కాదని నా అభిప్రాయం. కానీ ఏ ప్రశ్న అడగాలో నేర్పడం మన పనే. పది అర్ధ జీవిత కాలాలు గడిస్తే మిగిలేది 1024లో ఒక వంతు, అంటే సుమారు వెయ్యో వంతు. రియాక్టర్‌లో పుట్టే అయోడిన్-131కి 8 రోజులు, కాబట్టి 80 రోజులు. సీజియం-137కి 30 ఏళ్ళు, కాబట్టి 300 ఏళ్ళు. ప్లుటోనియం-239కి 24,100 ఏళ్ళు, కాబట్టి రెండు లక్షల 41 వేల ఏళ్ళు. "రేడియేషన్ ఎన్నాళ్ళుంటుంది" అని అడిగే బదులు "ఏ ఐసోటోప్, ఎంత, ఎక్కడ ఉంచుతారు" అని అడగడం వస్తే ఏ సభలో కూర్చున్నా ఆ పిల్లల మాటకి విలువ ఉంటుంది.

కళింగపట్నం తీసుకెళ్తే

వీలైతే ఒక పూట కళింగపట్నం తీసుకెళ్ళండి. దారిలో శాలిహుండం బౌద్ధ స్తూపాల దగ్గర ఆగి, కార్బన్-14 లెక్క ఒకటి ఇవ్వండి. అర్ధ జీవిత కాలం 5,730 ఏళ్ళు, 2,000 ఏళ్ళనాటి బొగ్గు ముక్కలో ఎంత కార్బన్-14 మిగిలి ఉంటుంది? 78.5 శాతం. స్తూపం పక్కన నిలబడి చేసిన లెక్క తరగతిలో చేసినదానికన్నా ఎక్కువ కాలం గుర్తుంటుంది.

బీచ్‌లో అలలు వెనక్కి వెళ్ళిన చోట ఇసుక మీద నల్లటి చారలు చూపించండి. తూర్పు కనుమల రాళ్ళు అరిగి, వంశధార, నాగావళి మోసుకొచ్చిన బరువైన ఖనిజాలు అవి. మామూలు ఇసుక సాంద్రత 2.65 అయితే ఇల్మనైట్‌ది 4.7, మోనజైట్‌ది 5 దరిదాపు. అల తేలికైనదాన్ని వెనక్కి లాక్కుపోతుంది, బరువైనది చారగా మిగిలిపోతుంది. మోనజైట్‌లో థోరియం ఉంటుంది. భూమి పుట్టి 454 కోట్ల సంవత్సరాలైంది, అప్పటి థోరియం-232లో దాదాపు 80 శాతం ఇంకా ఉంది. యురేనియం-238లో సగం మిగిలింది, యురేనియం-235లో నూటికి ఒకటి చిల్లర. ఈ మూడు జవాబులూ పిల్లల చేత అక్కడే, ఇసుకలో వేలితో చేయించొచ్చు. థోరియం-232 చివరికి సీసం-208 అవుతుంది, ఎన్ని ఆల్ఫాలు, ఎన్ని బీటాలు అని కూడా అడగండి. ద్రవ్యరాశి సంఖ్యలో తేడా 24, ఒక్కో ఆల్ఫాకి నాలుగు తగ్గుతుంది, కాబట్టి ఆరు ఆల్ఫాలు. ఆరు ఆల్ఫాలకి పరమాణు సంఖ్య 90 నుంచి 78కి పడుతుంది, ఒక్కో బీటాకి ఒకటి పెరుగుతుంది, కాబట్టి 82కి రావాలంటే నాలుగు బీటాలు.

ఇసుక మాత్రం సీసాల్లో నింపుకుని తేనివ్వకండి. అణుశక్తి చట్టం కింద మోనజైట్ నియంత్రిత పదార్థం. కొలత అక్కడే చేసి, నోటుబుక్కుతో తిరిగి రావాలి.

కౌంటర్‌ని జిప్ కవర్‌లో పెట్టండి, ఇసుక, ఉప్పుగాలి దూరవు. బీటా, గామా ఆ పల్చటి కవర్‌ని దాటి వస్తాయి. ఆల్ఫా రాదు, ఇలాంటి చాలా కౌంటర్లకి అది ఎలాగూ తెలియదు. తెల్ల ఇసుక మీద పది నిమిషాలు, నల్ల చార మీద పది నిమిషాలు, రోడ్డు మీద పది నిమిషాలు కొలవండి. మూడుచోట్లా కౌంటర్ నేలకి ఒకే ఎత్తులో ఉండాలి. ప్రతి అంకె పక్కనా దాని వర్గమూలం రాయించండి. ఒక గుంపు కొలుస్తుంటే ఇంకో గుంపు గడియారం చూడాలి, మూడో గుంపు కౌంటర్ చూడకుండా అంచనా రాయాలి. ఎండెక్కకముందే, పొద్దున్న ఎనిమిదిలోపు మొదలుపెడితే మూడు చోట్లా ఒక్కోటి రెండుసార్లు కొలవడానికి సమయం సరిపోతుంది.